తెలుగు పుస్తకాలకు విషయ శీర్షికలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (దేవరకొండ ప్రాంతం నుంచి)

అందరికీ నమస్కారం. దేవరకొండకు దగ్గరలోని ఒక ఊళ్లో కొందరు ఉపాధ్యాయులం కలిసి నడుపుకుంటున్న గ్రంథాలయంలో సుమారు 6,000 పుస్తకాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తెలుగువే. ఇన్నాళ్లూ అవన్నీ ఒక చేతిరాత రిజిస్టరులో, చేరిన తేదీల వరుసలో ఉండేవి. ఈ వేసవిలో వాటిని కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులోకి ఎక్కించడం మొదలుపెట్టాము. రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణ వివరాలు నమోదు చేయడంలో ఇబ్బంది రాలేదు, విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే డ్యూయీ సంఖ్యలు కూడా ఒక మోస్తరుగా వేసుకోగలుగుతున్నాము. చిక్కంతా విషయ శీర్షికల (పుస్తకం దేని గురించో చెప్పే, పాఠకులు వెతుక్కునే పేర్ల) దగ్గరే వచ్చింది.

మొదట ఇంగ్లీషు శీర్షికల జాబితా ఒకటి ముందు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ తెలుగులోకి మార్చుకుంటూ పోయాము. 300 దాటాక ఆగి చదివి చూసుకుంటే, వాటిలో సగానికి పైగా మా పాఠకులెవరి నోటా వినపడని మాటలు. ‘ఉపరితల జల సంచయనం’ అని రాసిపెట్టుకున్నాము. మా దగ్గరికి వచ్చే రైతు ‘చెరువుల మీద పుస్తకం ఏమన్నా ఉందా సార్’ అని అడుగుతాడు. మరోవైపు ఒకే విషయానికి మూడు నాలుగు పేర్లున్న చోట దేన్ని శీర్షికగా నిలపాలో తెలియడం లేదు. ఫ్లోరిన్ అని ఒకరు, ఫ్లోరైడ్ అని ఒకరు, ఫ్లోరోసిస్ అని మరొకరు అడుగుతుంటారు, పుస్తకాల అట్టల మీద కూడా మూడు మాటలూ కనిపిస్తాయి. ముగ్గురం ముగ్గురు రకాలుగా నమోదు చేసినట్టు గత వారమే గమనించాము. సొంత జాబితా తయారుచేసుకోవడం మా బోటివారికి సాధ్యమయ్యే పనేనా, అయితే దానికి పద్ధతి ఏమిటి?

సమాధానం (నల్లగొండ, విశ్రాంత గ్రంథపాలకుడు)

మీరు 300 దగ్గర ఆగడం మంచిదైంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే పని చేసి, 1,000 దాటిన తరువాత గానీ తెలుసుకోలేకపోయాను. ఆ కార్డులను తరువాత వెనుకవైపు చిత్తు రాతకు వాడుకున్నాము.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన శీర్షికల పనిని 1898లో మొదలుపెట్టింది, జాబితాను అచ్చులో భాగాలు భాగాలుగా 1909 నుంచి 1914 వరకు తెచ్చింది. వాళ్లు ముందుగా ప్రపంచంలోని విషయాలన్నింటికీ పేర్లు పెట్టుకుని తరువాత పుస్తకాలకు అతికించలేదు. తమ అరలలోకి వచ్చిన పుస్తకాన్ని చూసి, దానికి కావలసిన శీర్షిక లేకపోతే అప్పుడు చేర్చుకుంటూ పోయారు. చిన్న గ్రంథాలయాల కోసం మిన్నీ ఎర్ల్ సియర్స్ 1923లో వెలువరించిన జాబితా కూడా తొమ్మిది చిన్న గ్రంథాలయాలు అప్పటికే వాడుతున్న శీర్షికలను కూర్చి చేసినదే. కాబట్టి ఆ జాబితాలను అనువదించడమంటే వేరొకరి అరలలోని పుస్తకాలకు పెట్టిన పేర్లను మన పుస్తకాలకు తగిలించడమే అవుతుంది. వాళ్ల దగ్గర తీసుకోవలసింది పద్ధతి మాత్రమే. మీ 6,000 పుస్తకాలలో లేని విషయానికి శీర్షిక అక్కరలేదు. ఉన్న విషయానికి శీర్షిక లేకుండా ఉండకూడదు.

రెండవ మాట అమెరికా గ్రంథపాలకుడు చార్లెస్ కట్టర్‌ది. ఆయన 1876లో ప్రచురించిన నియమాల ప్రకారం పుస్తకాన్ని అది చెప్పే విషయం పేరుతోనే నమోదు చేయాలి, ఆ విషయం ఇమిడిపోయే పెద్ద తరగతి పేరుతో కాదు. మీ రైతు అడిగిన పుస్తకం ‘చెరువులు’ కింద ఉండాలి, ‘నీటిపారుదల’ కింద కాదు. నీటిపారుదలను మొత్తంగా చర్చించే పుస్తకం వచ్చినప్పుడు ఆ శీర్షిక పుడుతుంది, దాని దగ్గర ‘చెరువులు కూడా చూడు’ అని ఒక దారి వేస్తే చాలు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి శృంఖలా పద్ధతి తెలిసినవారికి ఇది ఇంకా సులువు: వర్గ సంఖ్యలోని చివరి అంకె నుంచి ఒక్కొక్క మెట్టూ పైకి ఎక్కుతూ పోతే, సన్నని విషయం నుంచి వెడల్పు విషయం దాకా పేర్లు వాటంతట అవే వరుసగా దొరుకుతాయి.

ఇక ఫ్లోరిన్ సంగతి. మన జిల్లాలో ఇది తప్పించుకోలేని శీర్షిక, అందుకే కాస్త ఎక్కువగా రాస్తున్నాను. మీకు వచ్చిన మూడు మాటలు ఒకే వస్తువుకు మూడు పేర్లు కావు. ఫ్లోరిన్ మూలకం; నీళ్లలో కరిగి ఉండేది దాని లవణమైన ఫ్లోరైడ్; ఆ నీళ్లను ఏళ్ల తరబడి తాగినందువల్ల పళ్లకూ ఎముకలకూ పట్టే జబ్బు ఫ్లోరోసిస్. మర్రిగూడ, మునుగోడు వైపు జనం మూడింటినీ కలిపి ‘ఫ్లోరిన్’ అంటారు, వారి వాడుక వారికి సరైనదే. అయితే మన అరలో జబ్బు గురించిన పుస్తకం వేరు, నీటి పరీక్షల గురించిన నివేదిక వేరు, పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ గురించిన పుస్తకం వేరు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి మన జిల్లా పేరే నిలిచిపోయింది. మూడు రకాల పుస్తకాలు ఉన్నప్పుడు మూడు శీర్షికలు ఉండాలి: ‘ఫ్లోరోసిస్’, ‘తాగునీరు – ఫ్లోరైడ్’, ‘నల్లగొండ పద్ధతి’. ‘ఫ్లోరిన్’ అని వెతికినవాడికి రసాయన శాస్త్ర పుస్తకం ఒక్కటే చూపించి పంపేయకుండా, ‘ఫ్లోరిన్ సమస్య’ అనే మాట నుంచి మూడింటికీ దారి వేయండి. ప్రతి శీర్షిక కింద ఇది దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అని రెండు పంక్తులు రాసిపెట్టుకోకపోతే, రేపు మీ ముగ్గురిలో నాలుగోవాడు చేరిన రోజున మళ్లీ మొదటికొస్తుంది.

ఒంటి మాటలతో జాగ్రత్త. ‘వలసలు’ అని పెడితే పాలమూరు కూలీలు, కొల్లేటికి వచ్చే పక్షులు, ఇంగ్లీషువాళ్ల పాలన అన్నీ ఒకే చోట చేరి కూర్చుంటాయి. ‘వలస కూలీలు’, ‘వలస పక్షులు’, ‘వలస పాలన’ అని విడివిడిగా పూర్తి పేర్లు పెట్టండి.

ఒక చిన్న పని వెంటనే చేయగలరు. బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టి, ఒక నెలపాటు పాఠకులు అడిగిన మాటను అడిగినట్టే, దిద్దకుండా రాయండి. మీ దారులలో ఎక్కువ భాగం ఆ నోటుపుస్తకంలోనే దొరుకుతాయి.

మళ్లీ ప్రశ్నించినవారు

చాలా ఉపయోగపడింది సార్, నోటుపుస్తకం ఈ ఉదయమే పెట్టాము. ఇంకొక సందేహం ఉంది. పేర్లు మారిన జిల్లాలు, పేరు మీదే తగవు ఉన్న సంఘటనలు వచ్చినప్పుడు ఏం చేయాలి? 1948 సెప్టెంబరు మీద మా దగ్గర పది పన్నెండు పుస్తకాలున్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క పేరు చెబుతుంది. మేము ఏది ఎంచుకున్నా పాఠకులలో ఒకరికి కోపం వచ్చేలా ఉంది. అలాగే ‘పాలమూరు’ నుంచి ‘మహబూబ్‌నగర్ జిల్లా’కు దారి వేస్తే సరిపోతుందా?

సమాధానం (మహబూబ్‌నగర్, కళాశాల గ్రంథపాలకురాలు)

చివరి ప్రశ్నకు మొదట చెబుతాను: సరిపోదు. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద ఈ ఊరు మహబూబ్‌నగర్ అయింది, అంతకుముందు పాలమూరు. అంతవరకే చూస్తే ‘పాలమూరు’ నుంచి ‘మహబూబ్‌నగర్’కు ఒక దారి వేసి ఊరుకోవచ్చు. కానీ ఇవాళ ‘పాలమూరు వలసలు’, ‘పాలమూరు కరువు’ అని రాసే రచయిత ఉద్దేశించేది ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లాను కాదు. 2016 అక్టోబరు 11న పాత జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి, షాద్‌నగర్ వైపు ప్రాంతం రంగారెడ్డిలో కలిసింది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. ‘పాలమూరు’ అన్నప్పుడు జనం మనసులో ఉండేది ఈ మొత్తం నేల. అందువల్ల మేము మూడు శీర్షికలు పెట్టుకున్నాము: ఊరికి ‘మహబూబ్‌నగర్ (పట్టణం)’, నేటి జిల్లాకు ‘మహబూబ్‌నగర్ జిల్లా’, పాత హద్దులను లేదా ప్రాంతాన్ని మొత్తంగా చెప్పే పుస్తకాలకు ‘పాలమూరు ప్రాంతం’. 1990లలో అచ్చయిన జిల్లా చరిత్రను నేటి జిల్లా శీర్షిక కింద పెడితే, అందులోని అలంపురం ఆలయాల అధ్యాయాన్ని వెతికే గద్వాల విద్యార్థికి ఆ పుస్తకం కంటపడదు.

మీ నల్లగొండలో ఈ చిక్కు ఇంకా లోతైనది. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి 2016లో విడిపోయిన సంగతి అందరికీ తెలుసు. కానీ 1946 జులై 4న దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయిన కడవెండి అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది, ఇప్పుడది జనగామ జిల్లాలో ఉంది. పోరాట కాలపు పుస్తకంలో ‘నల్లగొండ జిల్లా’ అని కనబడినప్పుడు అది ఏ హద్దుల నల్లగొండ అన్నది ఆ పుస్తకం రాసిన కాలాన్ని బట్టే తేలుతుంది. శీర్షిక కింద ఆ వివరణ తప్పనిసరిగా ఉండాలి.

సెప్టెంబరు విషయానికి వస్తే, నిజాం లొంగిపోయిన 17వ తేదీని విమోచన అన్నవారున్నారు, విలీనం అన్నవారున్నారు, విద్రోహం అన్నవారూ ఉన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగానూ, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ జరిపాయి. 2024లో రాష్ట్రం దానికే ప్రజా పాలన దినోత్సవం అని మరో పేరు పెట్టింది. మూడు నాలుగేళ్లకోసారి మారే మాటను శీర్షికగా పెట్టుకుంటే, మారినప్పుడల్లా నమోదులు దిద్దుకుంటూ కూర్చోవాలి, పైగా మన గ్రంథాలయం ఒక పక్షాన నిలిచినట్టూ ఉంటుంది. మేము ‘హైదరాబాద్ సంస్థానం – చరిత్ర – 1948’ అని పెట్టి, పైన చెప్పిన పేర్లన్నింటి నుంచీ, ‘పోలీసు చర్య’ నుంచీ కూడా దానికి దారులు వేశాము. ఎవరు ఏ మాటతో వెతికినా పది పుస్తకాలూ కలిసే కనబడతాయి. ఏది నిజమో చదివినవారు తేల్చుకుంటారు. ‘తెలంగాణ సాయుధ పోరాటం, 1946–1951’ మాత్రం వేరే శీర్షికగానే ఉండాలి, ఎందుకంటే అది 1948కి ముందు మొదలై ఆ తరువాత కూడా మూడేళ్లు సాగింది.

అయితే తేదీ పెట్టి తప్పించుకోవడం అన్నిచోట్లా కుదరదు. సమాజాల పేర్ల దగ్గర ఒక పక్షం తీసుకోక తప్పదు. పాత పుస్తకాల అట్ట మీద ‘హరిజనులు’ అని ఉన్నా మా శీర్షిక ‘దళితులు’. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా ఇప్పుడు ఈ మాటనే వాడుతున్నది. పాత మాట నుంచి దారి ఉంచాము, ఎందుకంటే ఆ కాలపు రచనల మీద పని చేసేవారు ఆ మాటతోనే వెతుకుతారు. లంబాడీ, బంజారా, సుగాలీ అనే మూడు పేర్ల విషయంలో తండాల నుంచి వచ్చే మా విద్యార్థులనే అడిగాము. వాళ్లలో కూడా ఏకాభిప్రాయం లేకపోయింది. ఎక్కువమంది చెప్పిన ‘లంబాడీలు’ ఉంచి, తక్కిన రెండింటినీ దారులుగా పెట్టాము. ఈ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించవలసి రావచ్చని దాని కిందే రాసుకున్నాము కూడా.

సమాధానం (నల్లగొండ, విశ్రాంత గ్రంథపాలకుడు)

‘పాలమూరు ప్రాంతం’ విషయంలో అమ్మ చెప్పినదే సరైనది. నేనైతే ఒక దారితో సరిపెట్టేవాణ్ణి. కానీ ఒక హెచ్చరిక: ప్రాంతం శీర్షికకు హద్దులు కట్టుదిట్టంగా రాయకపోతే, ఎటూ తేలని పుస్తకాలన్నీ వచ్చి అందులోనే పడతాయి.

సమాధానం (హైదరాబాద్, పరిశోధక విద్యార్థి, సొంతూరు నాగర్‌కర్నూల్)

పెద్దల చర్చకు అడ్డుపడుతున్నందుకు మన్నించాలి. కంప్యూటరులో ఏ మాట కొట్టినా వెతికి ఇచ్చే రోజుల్లో ఇంత శ్రమ అవసరమా? పుస్తకం పేరులోని మాటలు చాలవా?

సమాధానం (మహబూబ్‌నగర్, కళాశాల గ్రంథపాలకురాలు)

చాలవు నాయనా. కవితా సంపుటికి కవి పెట్టే పేరులో ‘కరువు’ అనే మాట ఉండదు, లోపల కవితలన్నీ కరువు మీదే ఉంటాయి. మీ వైపు చెంచు పెంటల (గూడేల) జీవితం మీద వచ్చే కథల పుస్తకానికి అడవిపువ్వు పేరో పిట్ట పేరో ఉంటుంది తప్ప ‘చెంచులు’ అని ఉండదు. కథలకూ కవిత్వానికీ విషయ శీర్షిక అక్కరలేదని కొందరంటారు. మన ప్రాంతం గురించి రాసింది ఎక్కువగా ఆ రూపాల్లోనే ఉన్నప్పుడు, ‘చెంచులు – కథలు’, ‘కరువు – కవిత్వం’ అని వేయకపోతే మీ పరిశోధనకు కావలసిన సగం పుస్తకాలు కంప్యూటరులో ఉండి కూడా మీకు కనబడవు.

సమాధానం (సూర్యాపేట, కోహా అమరికలు చేసేవాడు)

నేను గ్రంథాలయ శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, యంత్రం వైపు సంగతులు మాత్రమే చెప్పగలను. పైన పెద్దలు ‘దారి’ అంటున్నది కోహాలో అథారిటీ రికార్డు (ఒక శీర్షికకూ దాని ఇతర పేర్లకూ విడిగా ఉండే నమోదు) రూపంలో ఉంటుంది. రికార్డులోని ప్రతి గడికీ ట్యాగ్ అనే ఒక అంకె ఉంటుంది. నిలిపిన శీర్షిక 150 ట్యాగ్‌లోకి, దానికి ఇతర పేర్లు 450లోకి, ‘ఇది కూడా చూడు’ అనవలసిన సంబంధిత శీర్షికలు 550లోకి వెళతాయి. ఊళ్లు, జిల్లాలు అయితే ఇవే 151, 451, 551 అవుతాయి. పుస్తకం రికార్డులో విషయం 650, స్థలం 651. అది మీ సొంత జాబితా కాబట్టి ఆ 650, 651ల రెండవ సూచికలో (ఇండికేటరులో) 7 వేసి, 2 అనే ఉపఫీల్డులో ‘లోకల్’ అనే కోడ్ ఇవ్వండి; లేకపోతే వేరే చోటి నుంచి దించుకున్న రికార్డుల ఇంగ్లీషు శీర్షికలతో మీవి కలగాపులగమవుతాయి.

అథారిటీ రికార్డు చేసినంత మాత్రాన పని పూర్తి కాదు. సిస్టమ్ ప్రిఫరెన్సులలో ‘ఇన్‌క్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్’ అనేదాన్ని ఆన్ చేసి, మొత్తం మళ్లీ ఇండెక్స్ చేస్తేనే 450లో ఉన్న ‘ఫ్లోరిన్ సమస్య’ అన్న మాటతో వెతికినవారికి పుస్తకాలు కనబడతాయి. కోహాలో వెతికే పనికి జీబ్రా అనే ప్రోగ్రాము వాడుతున్నట్టయితే అది అన్ని లిపులనూ పట్టుకునే ఐసీయూ పద్ధతిలో అమర్చి ఉందో లేదో చూసుకోండి. పాత పద్ధతి తెలుగు లిపిని సరిగ్గా పట్టుకోదు.

ఇక మన లిపితో వచ్చే తలనొప్పి. ‘మహబూబ్‌నగర్’ అని సరిగ్గా కనిపించాలంటే ‘బ్’ తరువాత కంటికి కనబడని ఒక విభాజక అక్షరం ఉండాలి. అది వేయకుండా కొట్టినవారికి ‘మహబూబ్నగర్’ అని వత్తుతో వస్తుంది, ఖాళీ ఇచ్చినవారికి రెండు మాటలవుతాయి. మనిషి కంటికి ఒకటే ఊరు, యంత్రానికి మూడు. మూడు రూపాలనూ 451లో పెట్టేయండి. ‘నల్లగొండ’, ‘నల్గొండ’లకూ అంతే. ‘గ్రంథాలయము’, ‘గ్రంథాలయం’ వంటి వాటిలో అన్నిచోట్లా సున్నతో ముగిసే రూపమే వాడతామని ముందే ఒక నియమం పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

బహువచనం గురించి కూడా ఒక మాట. ‘చెరువు’ అని కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడితే ‘చెరువులు’ దొరుకుతుంది. కానీ ‘గుడి’ అని కొడితే ‘గుళ్లు’ దొరకదు, ‘ఊరు’ అని కొడితే ‘ఊళ్లు’ దొరకదు. ఇటువంటి మాటలకు ఏకవచనం, బహువచనం రెండూ అథారిటీలో ఉండాలి. ఇంగ్లీషు జాబితాలను చూసి చేసేవారికి ఈ సంగతి తట్టదు.

మళ్లీ ప్రశ్నించినవారు (మూడు వారాల తరువాత)

పాత 300 శీర్షికలను పక్కన పెట్టి, చేనేత అర ఒక్కదానితో కొత్తగా మొదలుపెట్టాము. మొత్తం 40 పుస్తకాలు కూడా లేవు, అయినా నాలుగు సాయంత్రాలు పట్టింది. ‘చేనేత’, ‘చేనేత కార్మికులు’, ‘సహకార సంఘాలు – చేనేత’, ‘గద్వాల చీరలు’ తేలికగానే కుదిరాయి. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు మీద విడిగా ఒక పుస్తకం ఉన్నందువల్ల, కట్టర్ నియమాన్ని గుర్తుపెట్టుకుని ‘తేలియా రుమాళ్లు’ అనే శీర్షిక ఇచ్చాము, ఏకవచనం కూడా చేర్చాము.

పోచంపల్లి దగ్గర మాత్రం ముగ్గురికీ వాదన జరిగింది. పుస్తకాలన్నీ ‘ఇక్కత్’ అంటాయి. మా దగ్గరికి పేపరు చదవడానికి వచ్చే ఒక పెద్దాయన, యవ్వనంలో మగ్గం మీద కూర్చున్నవాడు, ‘ఇక్కత్ ఏందయ్యా, మేము చిటికి అనేటోళ్లం’ అన్నాడు. నోటుపుస్తకంలో ఆ మాట ఉంది, అర మీద లేదు. చివరికి శీర్షిక ‘ఇక్కత్ నేత – పోచంపల్లి’గా ఉంచి, ‘చిటికి’, ‘టై అండ్ డై’ రెండింటినీ 450లో పెట్టాము. ఇండెక్స్ అయ్యాక ఆయన్నే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ‘చిటికి’ అని కొట్టించాము. ఐదు పుస్తకాలు వచ్చాయి. అందులో రెండు తాను ఇంతకుముందే చదివానని, మిగిలిన మూడూ ఏ అరలో ఉన్నాయో చూపించమని అడిగాడు.

వచ్చే వారం చరిత్ర అర తీస్తాము. కడవెండి ప్రస్తావన ఉన్న పుస్తకాలకు ‘నల్లగొండ జిల్లా’తో పాటు ‘జనగామ జిల్లా’ కూడా ఇవ్వాలా, లేక వివరణతో సరిపెట్టాలా అన్నది అప్పుడు మళ్లీ అడుగుతాను.